లోకం చుట్టే ఏడాదిని గీసుకోవడం ఎలా: మ్యాప్ కంటే ముందు క్యాలెండర్

ప్రపంచయాత్ర అనుకోగానే అందరూ ముందు చేసే పని చూడాల్సిన చోట్ల జాబితా రాయడం. గంటలో అది కొండవీటి చేంతాడంత అవుతుంది. ఏది కొట్టేయాలో తేలక నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. జాబితాను పక్కన పెట్టి క్యాలెండర్ తీయండి. ఏ నెలలో ఎక్కడ వాతావరణం అనుకూలిస్తుందో రాసుకుంటే దారి సగం తేలిపోతుంది, మిగతా సగాన్ని వీసా గడువులు తేలుస్తాయి. కింద చెప్పేది పన్నెండు నెలల యాత్రకు. ఆరు నెలలే ఉంటే మజిలీలు సగానికి తగ్గించండి, పద్ధతి అదే. బయల్దేరడానికి ఎనిమిది నుంచి పది నెలల ముందు పని మొదలుపెడితే హడావుడి ఉండదు.

1. పన్నెండు గళ్లు గీయండి

పెద్ద కాగితం మీద నెలకొక గడి గీసి, వెళ్లాలనుకున్న ప్రతి చోటునూ అక్కడ వాతావరణం బాగుండే నెలల గళ్లలో మాత్రమే రాయండి. దేశం పేరు రాస్తే చాలదు, ప్రాంతం పేరు రాయాలి. థాయ్‌లాండ్‌నే చూడండి. పడమటి తీరాన ఫుకెట్‌లో మే నుంచి అక్టోబరు దాకా వానలు, సముద్రం పోటెత్తి ఉంటుంది. తూర్పున గల్ఫ్ వైపు కో సముయిలో కుండపోత వచ్చేది అక్టోబరు, డిసెంబరు మధ్య. ఉత్తరాన చియాంగ్ మాయ్‌లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువే గానీ, పొలాలు, అడవులు తగలబడిన పొగతో ఎదురుగా ఉన్న కొండ కూడా కనపడదు. ఒకే దేశంలో మూడు క్యాలెండర్లు.

కొన్ని చోట్లు గడువు విషయంలో అసలు బేరం ఆడనివ్వవు. నేపాల్ కొండదారులకు అక్టోబరు, నవంబరు బాగుంటాయి, లేదంటే మార్చి, ఏప్రిల్. దక్షిణ అమెరికా దక్షిణ కొసనున్న పటగోనియాకు నవంబరు నుంచి మార్చి. ఆండీస్ కొండల్లో పెరూ, బొలీవియా పొడిగా ఉండేది మే నుంచి సెప్టెంబరు దాకా. పెరూలో మచు పిచ్చుకు నడిచి వెళ్లే ఇన్కా ట్రెయిల్‌ను ఏటా ఫిబ్రవరిలో మూసేస్తారు, మిగతా నెలల్లో కూడా మోతకూలీలతో కలిపి రోజుకు 500 మందినే పంపుతారు. తూర్పు ఆఫ్రికాలో జంతువుల మందలు మారా నది దాటడం చూడాలంటే జులై నుంచి అక్టోబరు. బొలీవియాలోని ఉయుని ఉప్పు మైదానం అద్దంలా మెరవాలంటే మాత్రం దాని మీద వాన నీళ్లు నిలవాలి, అంటే జనవరి నుంచి మార్చి. అందరూ పారిపోయే వానాకాలమే దానికి సీజన్.

గళ్లు నిండాక తూర్పుకు వెళ్తే ఏమవుతుందో, పడమరకు వెళ్తే ఏమవుతుందో రెండూ వేసి చూడండి. అక్టోబరులో నేపాల్‌తో మొదలుపెట్టి తూర్పుకు నడిస్తే: డిసెంబరు, జనవరిలో థాయ్‌లాండ్, లావోస్. ఫిబ్రవరిలో న్యూజిలాండ్ వేసవి. మార్చిలో పటగోనియా. ఏప్రిల్ నెమ్మదిగా ఉత్తరానికి జరగడానికి. మేలో పెరూ. జూన్, జులైలో యూరప్. ఆగస్టు, సెప్టెంబరులో కెన్యా, టాంజానియా. ప్రతి మజిలీ దాని మంచి నెలలో పడింది. ఇవే చోట్లను అదే అక్టోబరులో మొదలుపెట్టి తిరగేసి చూడండి: యూరప్ చలికాలంలో పడుతుంది, పెరూ ఫిబ్రవరి వానల్లో పడుతుంది, ఫుకెట్‌కు చేరేసరికి జూన్, నేపాల్‌కు చేరేసరికి ఆగస్టు జలగలు. ఊళ్లు మారలేదు, ఖర్చు కూడా దాదాపు అంతే, కానీ యాత్రలో సగం గొడుగు కింద గడిచిపోతుంది.

ఏడాదికి ఎనిమిది ప్రాంతాలు దాటించకండి. పదిహేను పెట్టుకున్నవాళ్లు యాత్ర చేయరు, బస్టాండ్లు చూసి వస్తారు.

2. వీసా రోజులు లెక్కపెట్టండి

మీ పాస్‌పోర్టు ఏ దేశానిదో దాన్నిబట్టి ఒక్కో చోట ఒక్కో నియమం. ప్రతి దేశానికీ నాలుగు గడులు రాయండి: వీసా ముందే తీసుకోవాలా, ఎన్ని రోజులు ఉండనిస్తారు, ఎన్నిసార్లు రానిస్తారు, వీసా ఇచ్చిన ఎన్నాళ్లలోపు దేశంలో అడుగుపెట్టాలి. ఏడాది యాత్రను దెబ్బకొట్టేది ఈ నాలుగోది. మూడు నెలల్లో అడుగుపెట్టాలన్న షరతున్న వీసాను బయల్దేరే ముందే తీసుకుంటే, మీరు అక్కడికి చేరే ఎనిమిదో నెలకు అది చెల్లదు. అలాంటి వీసాలు దారిలో తీసుకోవాల్సిందే. అయితే కొన్ని ఎంబసీలు తాము ఉన్న దేశంలో స్థిరనివాసం ఉన్నవాళ్ల దరఖాస్తులే తీసుకుంటాయి. ఈ రెండూ కలిసి అడ్డం పడే దేశాన్ని యాత్రలో మొదటికి జరపండి, లేదా కొట్టేయండి.

యూరప్‌లో ఒకే వీసాతో తిరిగే దేశాల కూటమి షెంజెన్, దాని లెక్క దగ్గర బోల్తా పడేవాళ్లు చాలామంది. 29 దేశాలకు కలిపి ఒకటే ఖాతా: ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు. దిగిన రోజు, వెళ్లిపోయిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. ఈ 180 రోజులు జనవరి నుంచి జూన్ అన్నట్టు నిలబడి ఉండవు, మీతో పాటు జరుగుతూ ఉంటాయి. లెక్క ఇలా వేయండి. లీపు కాని ఏడాదిలో జనవరి 1 నుంచి 30 దాకా ఉన్నారు, 30 రోజులు అయ్యాయి. బయటికి వెళ్లి ఏప్రిల్ 1న తిరిగొచ్చారు. కొత్తగా 90 వచ్చాయనుకుంటే పొరపాటు, చేతిలో ఉన్నవి 60. మే 30 నాటికి అవి అయిపోతాయి. జనవరి 1న వాడిన రోజు 180 రోజుల కిటికీలోంచి జారిపోయేది జూన్ 30న, అప్పటిదాకా మళ్లీ అడుగుపెట్టడానికి లేదు. 2025 అక్టోబరు 12 నుంచి ఈ దేశాలు దశలవారీగా ముద్రలు మానేసి వేలిముద్రలు, ఫొటోతో రాకపోకలను కంప్యూటర్లో నమోదు చేస్తున్నాయి. అధికారి పాత ముద్ర చూసుకోకుండా వదిలేసే రోజులు పోయాయి.

పాస్‌పోర్టు గడువు యాత్ర ముగిశాక ఇంకా కనీసం ఆరు నెలలు మిగలాలి. ఖాళీ పేజీలు పదైనా ఉండాలి. తక్కువైతే గడువు ఉన్నా సరే కొత్తది తీసుకునే బయల్దేరండి. మధ్యలో మార్చుకుంటే పాత దాంట్లో ఉన్న వీసాల కోసం రెండూ మోసుకు తిరగాలి.

ఇంకో చిక్కు: చాలా దేశాలు తిరుగు టికెట్టో, ముందుకు వెళ్లే టికెట్టో అడుగుతాయి. అడిగేది అక్కడి అధికారి కంటే ముందు, ఇక్కడ విమానం ఎక్కించే కౌంటర్‌లోని ఉద్యోగి, ఎందుకంటే వెనక్కి పంపిస్తే జరిమానా పడేది విమానసంస్థకు. పూర్తిగా రద్దు చేసుకునే వీలున్న టికెట్ ఒకటి చేతిలో ఉంచుకోండి.

3. టికెట్లు: ఏది ముందు, ఏది తర్వాత

స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్ అనే విమానసంస్థల కూటములు ఏడాది చెల్లే రౌండ్ ద వరల్డ్ టికెట్లు అమ్ముతాయి. మొదలుపెట్టిన దేశంలోనే ముగించాలి, ఒకే దిక్కుకు వెళ్లాలి, విమాన దశలకు పరిమితి ఉంటుంది. తేదీలు మార్చుకోవడం తేలిక, దారి మార్చాలంటే రుసుము. పసిఫిక్, దక్షిణ అమెరికా రెండూ ఉన్న దారికి ఇది లాభం. ఆసియా, యూరప్ మాత్రమే తిరిగేవాళ్లకు విడి టికెట్లే చౌక. రెండూ వేసి చూసి తేల్చుకోండి. విడిగా కొంటే మొదటి రెండు మజిలీలకూ సముద్రం దాటే పెద్ద విమానాలకూ మాత్రమే ముందు కొనండి. మిగతావి దారిలో.

విడి టికెట్లతో వచ్చే అసలు ప్రమాదం మధ్యలో విమానం మారేటప్పుడు. రెండూ వేర్వేరు టికెట్లయితే మొదటిది ఆలస్యమైనా రెండోది మీకోసం ఆగదు, డబ్బు కూడా తిరిగి రాదు. సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, అంటే విమానం మారడానికే వీసా కావాలి. అమెరికాలోనైతే ఒకే టికెట్ అయినా, అక్కడ రెండు గంటలే ఆగినా, దేశంలోకి వచ్చినట్టే లెక్క. వీసాగానీ ముందస్తు అనుమతిగానీ లేకుండా ఆ దారి పట్టకండి. వేర్వేరు టికెట్ల మధ్య కనీసం ఐదు గంటలు వదలండి. సముద్రం దాటే విమానానికి ముందు ఒక రాత్రి వదలడమే మేలు.

పసిఫిక్ మధ్యలో తారీఖు మారే తేదీ రేఖ దాటేటప్పుడు బస బుకింగులు తప్పుతాయి. 10వ తేదీ రాత్రి లాస్ ఏంజిలిస్‌లో ఎక్కితే ఆక్లాండ్‌లో దిగేది 12వ తేదీ పొద్దున, 11 మీ జీవితంలో ఉండదు. ఆక్లాండ్ నుంచి చిలీలోని సాంటియాగో వైపు వెళ్తే తిరగబడుతుంది: ఎక్కిన టైము కంటే ముందే దిగినట్టు గడియారం చూపిస్తుంది. బస తేదీని టికెట్ మీద రాసిన దిగే తేదీ చూసే పెట్టండి, మనసులో కూడిక వద్దు.

4. డబ్బు, ఫోను

ఉన్న మొత్తంలోంచి ముందుగా రెండు వాటాలు తీసి వేరే ఖాతాలో వేయండి. ఒకటి, తిరిగొచ్చాక మూడు నెలలు బతకడానికి. రెండు, రేపే ఇంటికి టికెట్ కొనాల్సి వస్తే దానికి. ఇవి యాత్ర డబ్బు కాదు, లేవనుకోండి. మిగిలిన దాంట్లో పెద్ద విమానాలు, వీసాలు, బీమా, టీకాలు తీసేయగా వచ్చినదాన్ని రోజులతో భాగిస్తే రోజువారీ మొత్తం వస్తుంది. అయితే అన్ని రోజులూ ఒకేలా పంచకండి. న్యూజిలాండ్‌లో, పశ్చిమ యూరప్‌లో ఒక రోజు ఖర్చుతో లావోస్‌లో మూడు నాలుగు రోజులు గడుస్తాయి. డబ్బు తక్కువనిపిస్తే ఖరీదైన చోట రోజులు తగ్గించండి, తిండి తగ్గించకండి. ఖర్చును పెంచేది ఉండడం కాదు, కదలడం. వారానికి రెండుసార్లు ఊరు మారితే బండి చార్జీలు, బయటి తిండి, ఒక్కో రాత్రికి చెల్లించే బస అన్నీ కలిసి నెల తిరిగేసరికి లెక్క తప్పుతుంది.

వేర్వేరు బ్యాంకుల కార్డులు రెండు, వీలైతే ఒకటి వీసా, ఒకటి మాస్టర్‌కార్డ్. ఒకటి జేబులో, ఒకటి సంచి అడుగున. ఏటీఎం గానీ దుకాణంలోని యంత్రం గానీ ‘మీ దేశపు కరెన్సీలో తీసుకోమంటారా’ అని మర్యాదగా అడుగుతుంది. వద్దనండి. ఒప్పుకుంటే మారకం రేటు ఆ యంత్రం నడిపేవాడు పెట్టుకున్నది పడుతుంది. నలగని, చిరగని, గీతల్లేని కొత్త అమెరికన్ డాలర్ నోట్లు కొన్ని దాచుకోండి. చాలా చోట్ల మడత పడిన పాత నోటు తీసుకోరు, తీసుకున్నా రేటు తగ్గిస్తారు.

ఓటీపీ సంగతి తేల్చకుండా గడప దాటకండి. మీ సొంత సిమ్ ఫోన్‌లోనే ఉంచి, సందేశాలు అందేలా రోమింగ్ వేయించి, డేటాకు ఫోన్‌లోకి దింపుకునే ఈసిమ్ వాడండి. రీచార్జ్ అయిపోయి నంబరు రద్దయితే బ్యాంకు, మెయిల్ రెండూ ఒకేసారి మూసుకుపోతాయి. మెయిల్ ఖాతాకు అథెంటికేటర్ యాప్ పెట్టుకుని, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి ఫోన్‌కు దూరంగా ఉంచండి. ఫోన్ పోయిన రోజున మీ దగ్గర మిగిలేది ఆ కాగితమే.

5. టీకాలు, బీమా

హెపటైటిస్ బి మామూలు పద్ధతిలో 0, 1, 6 నెలలకు మూడు డోసులు. అందుకే టీకాల డాక్టరు దగ్గరికి వెళ్లేది చివరి నెలలో కాదు, కనీసం ఏడు నెలల ముందు. ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ టీకా వేయించిన 10 రోజుల తర్వాతే చెల్లుబాటు అవుతుంది. 2016 జులై నుంచి అది జీవితకాలం చెల్లుతుంది. ఆ జబ్బున్న దేశంలో విమానం మారడానికి పన్నెండు గంటలు దాటి ఆగినా, తర్వాతి దేశం సర్టిఫికెట్ అడగొచ్చు. పైన వేసిన దారిలాంటిదానికి దాన్ని తప్పించుకోవడం కుదరదు.

రేబిస్ టీకా ముందే వేయించుకోవాలా అని చాలామంది సందేహిస్తారు. ఊరికి దూరంగా నడిచేవాళ్లకు వేయించుకోవడమే మంచిది. కారణం ఇదీ: ముందు టీకా లేనివాళ్లకు కాటు తర్వాత గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు) కూడా ఎక్కించాలి, అది చిన్న ఊళ్లలో దొరకదు, దానికోసమే విమానం ఎక్కాల్సి వస్తుంది. ముందే వేయించుకున్నవాళ్లకు దాని అవసరం ఉండదు, మళ్లీ టీకా వేస్తే సరిపోతుంది. ఎవరికైనా సరే, కాటు పడగానే పారే నీళ్లు, సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగాలి.

బీమా కాగితంలో మూడు చోట్ల చూడండి: ఆసుపత్రికి తరలించే ఖర్చు ఇస్తారా, ఎన్ని మీటర్ల ఎత్తు దాకా నడక వర్తిస్తుంది, ద్విచక్రవాహనం మాటేంటి. సొంత ఊళ్లో బైకు లైసెన్స్ లేనివాళ్లు ద్వీపాల్లో స్కూటర్ అద్దెకు తీసుకుని పడితే క్లెయిమ్ తిరస్కరిస్తారు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఒకే రకం కాదు. జపాన్ గుర్తించేది 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చినదాన్నే, 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చినది అక్కడ పనికిరాదు.

6. సంచి

40 లీటర్లది ఒకటి, నింపాక 7 నుంచి 9 కిలోలు. చాలా చవక విమానాల్లో చేతి సామాను హద్దు 7 కిలోలే. బట్టలు ఐదు రోజులకు సరిపడా, నెల యాత్రకైనా ఏడాది యాత్రకైనా అవే ఐదు రోజులవి. పవర్‌బ్యాంక్ చేతిసంచిలోనే ఉండాలి, 100 వాట్ అవర్లు మించకూడదు. 20,000 ఎంఏహెచ్‌ను 3.7 వోల్టులతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే 74, కాబట్టి పర్వాలేదు. దాని మీది అచ్చు చెరిగిపోతే తీసేసుకుంటారు. చార్జర్ల మీద 100–240 వోల్టులని రాసి ఉండాలి, జపాన్‌లో 100, యూరప్‌లో 230. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు: ఇదే సంచితో దగ్గర్లోనే పది రోజులు తిరిగిరండి. ఆ పది రోజుల్లో బయటికి తీయని వస్తువు ఏడాదిలోనూ తీయరు, మందులు తప్ప.

7. ఎత్తు దగ్గర తొందర వద్దు

యాత్రలో ప్రాణాల మీదికి తెచ్చే తప్పుల్లో తేలిగ్గా తప్పించుకోగలిగింది ఇది: ఒళ్లు అలవాటు పడకముందే ఎత్తుకు ఎక్కేయడం. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఉన్నచోటే ఇంకో రాత్రి ఆగాలి. పగలు పైకి ఎక్కి కిందికి వచ్చి పడుకుంటే మంచిదే, లెక్క పడుకునే ఎత్తుకే. విమానం ఈ నియమాన్ని ఒక్క గంటలో చెడగొడుతుంది. బొలీవియాలో లా పాజ్ దగ్గరి ఎల్ ఆల్టో విమానాశ్రయం 4,000 మీటర్ల పైన ఉంది, సముద్రమట్టం నుంచి నేరుగా అక్కడ దిగితే మొదటి రాత్రే తలపోటు. పెరూలో కూస్కో 3,400 మీటర్లు, మచు పిచ్చు 2,430. కాబట్టి కూస్కోలో దిగిన రోజే బండెక్కి కిందనున్న పవిత్ర లోయకు దిగిపోండి, రెండు మూడు రాత్రులు అక్కడ పడుకుని మచు పిచ్చు చూసుకుని, ఆ తర్వాత కూస్కోకు ఎక్కండి. ఊళ్లు అవే, వరస మారితే చాలు. నేపాల్లో 5,364 మీటర్ల ఎవరెస్ట్ బేస్ క్యాంపుకు నడిచేవాళ్లు 3,440 మీటర్ల నామ్చే బజార్‌లో రెండు రాత్రులు ఆగేది ఇందుకే.

నేరుగా ఎత్తుకు దిగక తప్పనప్పుడు ఎత్తు జబ్బు రాకుండా డాక్టరును అడిగి ఎసిటజోలమైడ్ మాత్రలు వాడతారు, మామూలుగా పెద్దవాళ్లకు 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కే ముందు రోజు నుంచి. తలనొప్పి, వికారం ఉంటే ఇంకా పైకి వెళ్లొద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, నేల మీద గీత వెంట తిన్నగా నడవలేకపోతే తెల్లారేదాకా ఆగకుండా కిందికి దింపాలి. మందు వేసి పైకి నడిపించే గైడును వినకండి.

డైవింగ్ చేసేవాళ్లకు దీనికి బంధువైన నియమం ఒకటుంది: రోజుల తరబడి మునిగాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి, 24 ఆగితే ఇంకా నయం. కొండ ఎక్కడానికీ అదే వర్తిస్తుంది.

8. వారాన్ని ఎలా గడపాలి

కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు తిరిగే ఉత్సాహం రెండో నెల దాకా ఉంటుంది. మూడో నెలలో గుడి, జలపాతం, మ్యూజియం అన్నీ ఒకేలా కనిపించడం మొదలవుతుంది. అది మీ లోపం కాదు, వేగం ఎక్కువై వచ్చిన అలసట. దీనికి మందు ముందే క్యాలెండర్లో రాసి పెట్టాలి. ఏ చోటైనా నాలుగు రాత్రులకు తగ్గకుండా ఉండండి. వారంలో ఒక రోజు బట్టలు ఉతుక్కోవడానికి, టికెట్లకు, ఇంటికి ఫోన్లకు వదిలేయండి. ప్రతి రెండు నెలలకు ఒకే ఊళ్లో పది, పన్నెండు రోజులు, వంటగది ఉన్న గదిలో, చూడాల్సినవేమీ లేని ఊరైతే మరీ మంచిది.

ప్రతి మజిలీకి చూసే పని కాక చేసే పని ఒకటి కట్టండి. నాలుగైదు వారాలుంటే ఫ్రాన్స్‌లోని సాన్ జాన్ పీ ద పోర్ నుంచి స్పెయిన్‌లోని సాంటియాగో దాకా క్రైస్తవ యాత్రికుల దారిలో దాదాపు 780 కిలోమీటర్లు నడవొచ్చు. అంత తీరిక లేకపోతే చివరి 100 కిలోమీటర్లు నడిచినా అక్కడ సర్టిఫికెట్ ఇస్తారు. దక్షిణ అమెరికాకు చేరిన మొదటి రెండు వారాలు పొద్దున నాలుగు గంటలు స్పానిష్ నేర్చుకుంటే తర్వాతి మూడు నెలలు బస్సు డ్రైవరుతో, ఇంటావిడతో మాట్లాడగలుగుతారు. ఒక్కో దేశంలో నేర్చుకున్నది తర్వాతి దేశంలో పనికొచ్చేలా వరస పెట్టడం ఇంకా బాగుంటుంది.

బస, తిండికి బదులు పనిచేయడం చాలా దేశాల్లో పర్యాటక వీసా కింద నేరమే, జీతం లేకపోయినా. ల్యాప్‌టాప్‌తో దూరం నుంచి ఉద్యోగం చేసేవాళ్లకు ఎస్టోనియా 2020లో ప్రత్యేక వీసా తెచ్చింది, ఆ తర్వాత చాలా దేశాలు అదే దారి పట్టాయి. అలాంటి వీసా తీసుకుంటే ఒకే దేశంలో 183 రోజుల గీత దగ్గర జాగ్రత్త, చాలా చోట్ల అది దాటితే అక్కడ పన్ను కట్టాల్సినవారవుతారు.

విరేచనాలు ఏడాదిలో ఒకసారైనా పట్టుకుంటాయి. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఆరు దగ్గరుంచుకోండి. అవి లేకపోతే లీటరు మంచినీళ్లలో అంచుకు సమంగా చదును చేసిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే మేలు కంటే కీడే. నీళ్లు మరిగించేటప్పుడు తెర్లాక ఒక నిమిషం చాలు, 2,000 మీటర్ల పైన మూడు నిమిషాలు.

9. తిరిగి రావడం కూడా ఒక మజిలీయే

ఇంటికి చేరిన మర్నాడే ఉద్యోగంలో చేరేలా టికెట్ కొనకండి, రెండు వారాలు వదలండి. చివరి నెలలో కొత్త దేశం పెట్టకుండా, నచ్చిన చోటికే మళ్లీ వెళ్లండి. ఈ చివరి రోజుల్లోనే చాలామంది మలేరియా మాత్రల విషయం మర్చిపోతారు. డాక్సీసైక్లిన్ అయితే మలేరియా ప్రాంతం వదిలాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి, అటొవాక్వోన్ ప్రోగ్వానిల్ అయితే ఏడు రోజులు. విమానం ఎక్కగానే ఆపేసి జ్వరంతో మంచం పట్టినవాళ్లు ఎందరో. తిరిగొచ్చిన ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, అది మామూలు జలుబులా కనిపించినా, ఏయే దేశాల్లో ఏయే తేదీల్లో తిరిగారో రాసిన కాగితాన్ని డాక్టరు అడగకముందే చేతికివ్వండి.